ఆల్బం నిండా అతిథులే, వంతకే మనిషి లేడు

మా మేనల్లుడు సౌండ్ ఇంజినీరింగ్ కోర్సులో చేరాడు. చేరిన వారానికే ఫోన్ చేసి, "మావయ్యా, మంచి మైకు ఒకటి చెప్పు, కొనుక్కుంటాను" అన్నాడు. కువైట్‌లో, సాల్మియాలో, ఒకే స్టూడియోలో నల్లజుట్టుతో చేరి తెల్లజుట్టుతో బయటపడ్డవాణ్ణి కదా, మైకుల జాతకాలన్నీ నాకు తెలుసని వాడి నమ్మకం. తెలుసు. కానీ అది చెప్పడం ఎంతసేపు? ఈ పనిలో దిగేవాడికి చెప్పాల్సింది వేరే ఉంది. అది ఫోనులో తెమలదు. అందుకే రామచంద్రపురంలో మా వరండాలో కూర్చుని, దోమల్ని తోలుకుంటూ రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను సినిమా పాటలు రికార్డు చేసినవాణ్ణి కాను. లిఫ్టులో తలుపులు మూసుకుంటున్నాయని అరబ్బీలో చెప్పే గొంతు, ఆఫీసులకి ఫోన్ చేస్తే కాసేపు ఆగమని బతిమాలే గొంతు, రంజాన్ నెలలో ఖర్జూరాల ప్రకటన, ఏడాది పొడుగునా బట్టల సబ్బు ప్రకటన, ఇవీ నేను పట్టినవి. అప్పుడప్పుడూ ఎవరిదో పెళ్ళిపాట. వీటిలో ఒక్కదాని మీదా నా పేరు లేదు. ఉండాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు, ఒక్క ఆల్బం విషయంలో తప్ప. ఆ ఆల్బం గురించే ఎక్కువ రాస్తాను. అది ర్యాప్ ఆల్బం. నవ్వకండి.

ఏసీ ఆపితే గానీ పని మొదలవదు

మా స్టూడియో ఒక పాత బిల్డింగులో, కింది అంతస్తులో ఉండేది. ఏసీ కూడా పాతదే. అది వేస్తే గదంతా గుయ్యిమని మోత, ఆ మోత మైకులోకి వచ్చేది. కాబట్టి రికార్డింగ్ మొదలవగానే ఏసీ ఆపేయాలి. కువైట్ ఎండల్లో తలుపులన్నీ బిగించిన గదిలో ఏసీ ఆపడమంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా దగ్గరికి ఎవరొచ్చినా నేను మొదట చెప్పేది పాట గురించి కాదు, "తువ్వాలు తెచ్చుకోండి" అని.

ఏసీ ఆపాక మనిషి అసలు స్వభావం బయటికొస్తుంది. ఒకసారి ఒక పెద్దాయన అత్తరు ప్రకటన చదవడానికి కోటూ టైతో దిగాడు. నాతో సరిగ్గా మాట్లాడను కూడా లేదు. ఏసీ ఆపిన కాసేపటికి కోటు పోయింది, తర్వాత టై, ఆ తర్వాత చొక్కా. చివరికి బనీనుతో నిలబడి, చెమటలు కారుస్తూ, రాజుల సువాసన గురించి ఎంత గంభీరంగా చదివాడో! బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి టీ అడిగాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ముందే చొక్కా విప్పేసేవాడు.

ఇంకోటి, సందు అవతల మసీదు. అజాన్ మొదలైతే పని ఆపాల్సిందే. అది గౌరవం, పైగా మా గోడలకి ఆ గొంతుని ఆపే శక్తి కూడా లేదు. కాబట్టి మా టేకులన్నీ అజాన్‌కీ అజాన్‌కీ మధ్య, ఏసీ ఆపిన ఉక్కలో జరిగేవి. ఇవాళ్టి పిల్లలకి ఇది వెనకబాటుగా కనిపించవచ్చు. నేను మాత్రం, టైము లేదని తెలిసిన మనిషి పాడినట్టు తీరిగ్గా ఉన్న మనిషి పాడగా ఎప్పుడూ వినలేదు.

మా యజమాని

మా యజమానిని అందరూ బూ ఫహద్ అనేవారు, అంటే ఫహద్ వాళ్ళ నాన్న. కువైటీ. వయసులో ఊద్ అనే తీగల వాద్యం బాగా వాయించేవాడట. నేను చేరిన కొత్తలో ఆయన నన్ను ఒక్క మీట కూడా ముట్టుకోనివ్వలేదు. ఖాళీ గదిలో కూర్చోబెట్టి, "అవ్వల్ ఇస్మా" అన్నాడు. ముందు విను అని. వినడానికి అక్కడేముంది? ఏమీ లేదు. సాయంత్రం వచ్చి, "ఏం విన్నావు?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. పై అంతస్తులో కుట్టుమిషను, గోడలోంచి నీళ్ళ పైపు, నా కుర్చీ కిర్రుమనడం, అన్నీ వరసగా ఆయనే చెప్పాడు. తమాషా ఏమిటంటే ఆయనకి ఒక చెవి సరిగ్గా పనిచేయదు.

మంచివాడని పొగిడి వదిలేయను. కోపం ముక్కు మీదే ఉండేది. బల్ల మీద టీ మరక కనిపిస్తే "యా సత్యా!" అని బిల్డింగు అదిరేలా అరిచేవాడు. పొగడటం అసలు చేతకాదు. పని బాగా కుదిరితే లేచి వెళ్ళి ఏసీ వేసేవాడు, అదే మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలు కోసం నేను ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

రాజు, శీను

అమ్ఘరా అని జహ్రా వైపు ఒక ఇండస్ట్రియల్ ఏరియా ఉంది. కువైట్‌లో పాడైన ఇనుమంతా చివరికి చేరేది అక్కడి యార్డులకే. రాజు అక్కడ గ్యాసు కట్టరు పట్టి ఇనుము కోసేవాడు. జగిత్యాల దగ్గర పల్లె. సన్నగా, నల్లగా, మాట మొదలుపెడితే ఆగని మనిషి. శీను కోనసీమవాడు, సాల్మియాలో మా స్టూడియోకి నాలుగు సందుల అవతల హోటల్లో వంటమాస్టారు. నిండు మనిషి, నిదానం. ఇద్దరూ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు ఫహాహీల్లో ఒకే గదిలో ఉన్నారు. పై మంచం రాజుది, కింది మంచం శీనుది. పైనుంచి రాజు ఏదో ఒక కథ చెప్పేవాడు, కింద నుంచి శీను ఊకొట్టేవాడు. అలా మొదలైందట వాళ్ళ పాట.

ఒక శుక్రవారం, అక్కడ సెలవు రోజు, ఇద్దరూ మా స్టూడియోకి వచ్చారు. నేను ఏసీ ఆపాను. రాజు అందుకున్నాడు:

"గ్యాసు కట్టరు చేతబట్టి ఓడ నడుము కోసినోణ్ణి..."

"ఔరా!" అన్నాడు శీను వెనక నుంచి.

"ఉల్లిగడ్డ కోసుడొస్తే కండ్లనీళ్ళు పెట్టినోణ్ణి..."

"అదేంట్రా మరీ!"

నాకు నవ్వాగలేదు. కన్సోలు వెనక నోరు మూసుకుని కూర్చున్నాను. రాజు చెప్పేది బాగుంది, కానీ దాన్ని బాగుండేలా చేస్తున్నది శీను. సరిగ్గా వినేవాడు ఎక్కడ ఆశ్చర్యపోవాలో అక్కడ "ఔరా", ఎక్కడ అనుమానపడాలో అక్కడ "నిజంగానా?", రాజు ఊపిరి తీసుకోవాల్సిన చోట "ఆఁ". ఇది నాకు కొత్త కాదు. బుర్రకథలో కథకుడి పక్కన వంత ఉంటాడు చూడండి, అదే. రాజుని అడిగితే, "మా తాత ఒగ్గుకథల వంత కాకా. కత చెప్పేటోడు అలిసినా వంత అలసొద్దని అంటుండె" అన్నాడు. వంతపాడటం అనే మాటని మనవాళ్ళు భజనపరుల మీద వాడి పాడుచేశారు గానీ, అది ఎంత పెద్ద విద్యో ఆ రోజు మళ్ళీ తెలిసింది.

బూ ఫహద్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయన తలుపు దగ్గర నిలబడి విని, శీనుని చూపించి, "అతను వింటున్నాడు" అన్నాడు. వెళ్ళి ఏసీ వేశాడు.

ఒక్క శాలువా

ఫోన్లలో వాళ్ళ వీడియోలు తిరిగాయి. మన తెలుగువాళ్ళ సంఘం ఒకటి పండగ కార్యక్రమానికి వాళ్ళని పిలిచింది. ఒక స్కూలు ఆడిటోరియం. సౌండు నాదే. ఇద్దరూ స్టేజీ దులిపేశారు. తర్వాత మనకి తప్పనిసరి ఘట్టం ఉంటుంది కదా, సన్మానం. అధ్యక్షులవారు మైకు పుచ్చుకుని, "ర్యాప్ సంచలనం రాజు గారిని సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అన్నారు. ఒక్క శాలువా తెచ్చారు. ఒక్కటే.

శీను రాజు వెనకే నిలబడి ఉన్నాడు, చేతిలో మైకుతో. రాజు శాలువా కప్పించుకుని, నాలుగు వైపులా దండాలు పెట్టి, అధ్యక్షులతో, ఉపాధ్యక్షులతో, కోశాధికారితో, వాళ్ళ పిల్లలతో ఫొటోలు దిగి, అవతలి వైపు మెట్లు దిగిపోయాడు. వెనక్కి తిరగలేదు. శీను మైకుని జాగ్రత్తగా స్టాండుకి పెట్టి ఇవతలి మెట్లు దిగాడు. బయట బస్టాపు వైపు నడిచి వెళ్ళిపోయాడు. తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

నేను చెప్పేదేమంటే, రాజు చెడ్డవాడు కాదు. జీవితంలో మొదటిసారి ఎవరో "గారు" అన్నారు, కళ్ళు చెదిరాయి. మన సభల్లో దండ ఎవరికి, కుర్చీ ఎవరికి అన్న దగ్గర విడిపోయిన స్నేహాలు నేను ఇంకా చూశాను. అన్నిటికన్నా ఇదే నన్ను బాధపెట్టింది. ఎందుకంటే ఆ రెండు గొంతులూ కలిసి ఎలా ఉంటాయో నాకు తెలుసు.

అతిథుల జాతర

ఏడాది దాటాక రాజు ఒక్కడే స్టూడియోకి వచ్చాడు. యార్డు మూసేస్తున్నారని చెప్పాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ముసలివాడైపోయాడు, కొడుకులకి ఇనుము మీద మోజు లేదు. కొందరు వేరే పనులకి ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, మార్పించుకుంటున్నారు. రాజు మాత్రం ఇంటికి వెళ్ళిపోదామని తేల్చుకున్నాడు.

"ఇగ చాలు కాకా. పోయే ముంగట ఆల్బమొకటి జేసి పోత. మళ్ళ ఈ దేశం రాను."

బూ ఫహద్‌కి చెప్పాను. "శుక్రవారాలు అతనివి, ఖలాస్" అన్నాడు.

ఆల్బం అంటే రాజు పాడతాడనుకున్నాను. మొదటి శుక్రవారం తలుపు తీస్తే గదిలో చెప్పులు పట్టనంత మంది. ర్యాప్ ఆల్బముల్లో అతిథులు ఉండటం మామూలే, ఒక పాటలో ఇంకో గాయకుడు వచ్చి నాలుగు చరణాలు చెప్పి పోతాడు. దానికి ఫీచరింగ్ అని పేరు. రాజుగారి ఆల్బంలో ఫీచరింగ్ కానిది గోడలూ కుర్చీలే. నిజామాబాదు మంగలి, కరీంనగర్ నుంచి వచ్చిన మేస్త్రీలు, అమలాపురం డ్రైవరు, ఫహాహీల్లో పాత గదివాళ్ళు, యార్డులో క్రేను నడిపే పఠాను. వచ్చిన ప్రతివాడికీ తన ఊరి పేరు పాటలో రావాలి. ఊరి పేరుతో సరిపెట్టరు, మండలం కూడా రావాలి. ఒకాయన చరణం మొత్తం చిరునామాయే. ఉత్తరం రాసి పోస్టు చేసుకోవచ్చు.

పద్మ అని ఒకమ్మాయి వచ్చింది, శీను వాళ్ళ ఊరి పక్క ఊరే. సాల్మియాలోనే ఒకరి ఇంట్లో పనిచేస్తుంది. ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక వాళ్ళ మామా, అదే, యజమానురాలు, వెంట వచ్చి సోఫాలో కూర్చుంది. పద్మ చరణం ఇంట్లో రోజంతా వినిపించే కేక గురించి, యల్లా అంటే త్వరగా కానీ అని. "వంటింట్లో యల్లా పద్మా, మేడ మీద యల్లా పద్మా, కలలో కూడా యల్లా పద్మా" అని. మామాకి తన మాట వినపడి, ఏమంటోందని నన్ను అడిగింది. నేను భయపడుతూనే చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వి, లేచి, మైకు ముందుకొచ్చి, "అలా కాదు, నేనెలా పిలుస్తానంటే" అని స్వయంగా "యల్లా పద్మా, యల్లా!" అని గదమాయించింది. మొదటి టేకే ఖాయం చేశాను. అలా ఇంకో అతిథి పెరిగింది.

సరదాగానే ఉంది గానీ పనివాడిగా నాకు గుబులుగా ఉంది. వారం వారం విని చూస్తే ఆల్బం అతకడం లేదు. ఒకడి తర్వాత ఒకడు వచ్చి తన మాట తాను చెప్పి పోతున్నాడు. పెళ్ళిలో అందరూ వడ్డించేవాళ్ళే అయి, బంతిలో కూర్చునేవాడు లేనట్టుంది. రాజుతో అన్నాను, "ఒరేయ్, సగం మందిని తీసేద్దాం."

"ఒక్కర్ని గూడ తియ్యొద్దు కాకా. నేను పోతున్న. ఈళ్ళందర్ని మళ్ళ యాడ జూస్త? ఈ ఆల్బంలనన్న అందరు ఒక్క దిక్కు ఉండాలె."

నేను తర్వాతివాణ్ణి లోపలికి పిలిచాను.

రాజు సొంత చరణాల్లో ఇంకో వింత ఉంది. ప్రతి పాదం చివరా ఆగుతున్నాడు. చిన్న ఖాళీ. మామూలుగా ఎడిటింగులో అలాంటి ఖాళీలు కోసి, పాదాలని దగ్గరికి లాగుతాం. నేను కోయబోతే రాజు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది గొయ్యకు కాకా."

అప్పుడు అర్థమైంది. ఆ ఖాళీలన్నీ శీనువి. ఇంతమంది జనాన్ని పోగేసింది రాని ఆ ఒక్కడి లోటు పూడ్చుకోవడానికే. కానీ వచ్చినవాళ్ళందరూ చెప్పడానికి వచ్చారు, వినడానికి కాదు.

"శీనుని పిలవరాదూ?" అన్నాను.

"ఏ మొకం వెట్టుకొని పిలువాలె? ఫోన్ చేస్తే ఎత్తడు. హోటల్‌కు పోయిన. లోపట్నుంచి బిర్యాని పంపిండు కాకా. ఎప్పట్లెక్కనే రెండు గుడ్లు ఎక్కువేసిండు. మనిషి మాత్రం బయటికి రాలె." చెప్పులు వేసుకుంటూ, "గట్లనే పోతనేమో" అన్నాడు.

రాజు టికెట్టు కొనేశాడు. మాకు మిగిలింది ఒక్క శుక్రవారం.

హోటలు వెనక సందు

మధ్యాహ్నం భోజనాలు అయ్యాక, సాయంత్రం పొయ్యి వెలిగించే ముందు, వంటవాళ్ళకి కాస్త ఊపిరి దొరుకుతుంది. ఆ టైము చూసుకుని వెళ్ళాను. శీను హోటలు వెనక సందులో నూనె డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"రండి బాబాయ్ గారు. బోయినం సేసారా?"

"చేశాన్రా. రాజు వెళ్ళిపోతున్నాడు."

"తెల్సండి."

"శాలువా గురించి ఇంత పట్టింపా?"

శీను నొచ్చుకున్నాడు. "శాలువా నాకెందుకండి బాబాయ్? ఈ ఎండల్లో శాలువా ఏం సేసుకుంటాను? ఆడు ఎనక్కి తిరిగి సూడలేదండి. అంతే. మెట్లు దిగేదాకా సూత్తానే ఉన్నాను, ఇప్పుడు తిరుగుతాడు, ఇప్పుడు తిరుగుతాడని. ఎనకాల నేనున్నానన్న సంగతే ఆడికి గుర్తు లేదు."

అందులో వాదించడానికేముంది? నా దగ్గర ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. వాడి చెవుల్లో పెట్టి ఫోనులో పాట వేశాను. రాజు గొంతు మొదలైంది, పాదం, ఖాళీ. పాదం, ఖాళీ. శీను ముఖం చూస్తూ కూర్చున్నాను. మూడో ఖాళీ దగ్గర వాడి పెదాలు కదిలాయి. "ఆఁ" అనబోయి మూసేసుకున్నాడు. పాట అయ్యాక ఇయర్‌ఫోన్లు తీసి, తీగ చుట్టి, నా చేతిలో పెట్టాడు.

"ఇదేంటండీ, ఇలా ఖాళీలు వదిలేసాడు? వినేవోళ్ళు నవ్వరా?"

"నవ్వుతారు. కోసేస్తానంటే ఒప్పుకోలేదు."

లోపల ఎవరో పిలిచారు. శీను గుమ్మం దాటబోతూ ఆగి, "శుక్రవారం ఎన్నింటికండి?" అన్నాడు.

ఆఖరి శుక్రవారం

పాడేవాళ్ళు నిలబడే మా రికార్డింగ్ బూత్‌లో ఒక వైపు గాజు గోడ. గొంతు దానికి కొట్టుకుని తిరిగొస్తుంది. అలాంటి చోట దుప్పట్లు కడతాం. ఆల్బం మొదలైన కొత్తలో రాజుని ఏదైనా మందపాటి గుడ్డ తెమ్మంటే ఆ సన్మానం శాలువా తెచ్చాడు. "ఇట్లనన్న పనికొస్తది" అని తనే మేకులకి తగిలించాడు. ఆరోజు నుంచీ అందరూ దాని ముందే నిలబడి పాడారు.

శీను బూత్‌లోకి వచ్చి దాన్ని చూశాడు. జరీ అంచు, మధ్యలో సంఘం పేరు. గుర్తుపట్టాడు.

"శాలువాని గోడకి కట్టేవేంట్రా?"

రాజు తల ఎత్తలేదు. "నీకు సగం, నాకు సగం చింపరాలె. ఒక్కడు కప్పుకుంటే మంచిగ లేదు. గోడకు గట్టిన. ఇద్దరం దాని ముంగట నిలవడుదాం."

"ఎనక్కి సూడలేదు నువ్వు."

"సూడలె. తప్పయింది రా. గా మెట్ల మీదికెల్లి ఇంకా దిగుతనే ఉన్న."

నేను మైకు సరిచేసే నెపంతో అటు తిరిగాను. శీను చొక్కా చేతులు పైకి మడిచి, "ఏసీ ఆపండి బాబాయ్ గారు" అన్నాడు.

ఆ రోజు జరిగినది నా వృత్తిలో నేను చూసిన అన్నిటికన్నా మంచి పని. శీను రాజు ఖాళీలు నింపి ఊరుకోలేదు. అతిథుల చరణాలన్నీ వరసగా వేయించుకున్నాడు. మంగలి చరణానికి "అమ్మో, కత్తి జాగ్రత్త" అన్నాడు. చిరునామా ఆయనకి "పిన్‌కోడు చెప్పలేదండీ" అన్నాడు. పఠాను హిందీ చరణానికి "అర్థం కాలేదు గానీ బాగుంది భాయ్" అన్నాడు. "యల్లా పద్మా"కి "వచ్చె, వచ్చె" అన్నాడు. అంతే. అప్పటిదాకా ఎవడి గోల వాడిదిగా ఉన్న జనమంతా ఒక్క అరుగు మీద కూర్చున్నట్టయ్యారు. ఒక్కరినీ తీయాల్సిన అవసరం లేకపోయింది. నేను జనం ఎక్కువయ్యారనుకున్నాను. తక్కువైంది వినేవాడు.

ఇంక ఒక్క పాట మిగిలింది. అజాన్ టైము దగ్గరపడుతోంది. ఒక్క టేకుకే వీలు. రాజు మైకు దగ్గర్నుంచి జరిగి, శీనుని ముందుకు తోశాడు.

"ఈ పాట నువ్వు చెప్పు. నేను ఎనుక ఉంట."

"నాకేం వచ్చు రా?"

"ఏదొస్తే గది. వంట చెప్పు."

టేకుకి ముందు, సరిచూసుకోవడానికి ఇద్దరిచేతా ఒకసారి అనిపించాను. రాజు వంతగా ఘోరం. శీను నోరు తెరవకముందే "ఆహా" అంటాడు, మాట పూర్తవకుండా మీద పడతాడు. శీను విసుక్కున్నాడు. "నన్ను సెప్పనియ్యరా! పూర్తిగా ఇని అప్పుడు అను." రాజు చెంపలేసుకుని, "ఇంత కష్టమా ఇది! ఇన్నేండ్లు ఎట్ల జేసినవ్ రా?" అన్నాడు. శీను మొదటిసారి నవ్వాడు. బూ ఫహద్ ఎప్పుడొచ్చాడో, నా వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

రికార్డు నొక్కాను. శీను కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు:

"నూనె సెగకి చేతులు కాలె, నవ్వు మాత్రం మాడలేదు..."

"ఆఁ" అన్నాడు రాజు, సరిగ్గా అనాల్సిన చోట.

"గరిటె పట్టి నిలబడితే ఒక్క కడుపూ ఖాళీ లేదు..."

"గంతేగా మరి!"

"వంటిల్లంతా సందడేగానీ, తినే వేళకి తోడు లేడు..."

రాజు ఏమీ అనలేదు. అనకపోవడమే సరైంది.

"పక్క కంచం పెట్టానుగానీ, పెట్టించుకునే వాడు లేడు."

అక్కడితో శీను దగ్గర మాటలు అయిపోయాయి. చెమట కారుతోంది. నియమం ప్రకారం ఆఖరి మాట తర్వాత రికార్డింగు ఆపేయాలి. నా వేలు మీట మీదే ఉంది. వెనక నుంచి బూ ఫహద్ చెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది.

అప్పుడు రాజు, వంతవాడి బాధ్యత ఏమిటో అర్థమైనవాడిలా, మెల్లగా అడిగాడు. "అటెన్క?"

శీను కళ్ళు తెరిచి రాజు వైపు తిరిగాడు. ఈసారి అది పాట కాదు, మామూలు మాట.

"అటెనకేముందిరా... నువ్వు ఫోన్ సేత్తావు. నేనెత్తుతాను."

నేను మీట నొక్కాను. మసీదులో అజాన్ మొదలైంది. బూ ఫహద్ లేచి వెళ్ళి ఏసీ వేశాడు.

ఆల్బం ఆ మాటతోనే ముగుస్తుంది. తర్వాత విన్నవాళ్ళు కొందరు, చివర పొరపాటున ఏదో మిగిలిపోయినట్టుంది, కోయడం మర్చిపోయారా అని అడిగారు. లేదన్నాను. ఆల్బంలో నీ పేరు ఎక్కడ వేయమంటావు కాకా అని రాజు అడిగితే, శీను పేరు పక్కన, వంతల్లో వేయమన్నాను.

ఒరేయ్ మేనల్లుడూ, మైకు సంగతి అడిగావు కదూ. ఫోన్ చెయ్యి. ఎత్తుతాను.